పటం మీద దాలయ్య పడవ

విశాఖపట్నం,
6-7-1981

దొరబాబూ,

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే మీ బావకి జలుబు, నాకు మా హెడ్మాస్టారితో తగువు. రెండూ తగ్గే దారిలోనే ఉన్నాయి కాబట్టి నువ్వు కంగారు పడకు.

తగువు సంగతి చెబుతాను. నన్ను ఫిషింగ్ హార్బరు దగ్గర బడికి మార్చారని రాశాను కదా. ఆ బడికి పైవాళ్ళు ఎప్పుడో ఒక ట్రాన్సిస్టరు రేడియో ఇచ్చారు. దాన్ని ఇంతవరకూ ఒక్క పిల్లవాడూ వినలేదు. మా హెడ్మాస్టారు భీమశంకరరావు గారు దానికి వాళ్ళావిడ చేత పువ్వుల గుడ్డతో గలీబు కుట్టించి, బీరువాలో పెట్టి తాళం వేశారు. పాడైతే జవాబు ఎవరు చెప్పుకోవాలి అంటారు. వినకుండానే పాడైతే ఎవరూ చెప్పుకోనక్కర్లేదా అన్నాను. వారం రోజులు నేను ఎదురైతే పక్క వరండాలోంచి తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత ఒక పొద్దున్న తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "అమ్మా, బ్యాటరీలు మాత్రం మీవే" అన్నారు.

మధ్యాహ్నం బడిపిల్లల కోసం పాఠాలు వస్తాయి కదా, మొదటి రోజు ఏడో తరగతి వాళ్ళకి పెట్టాను. మొక్కల మీద ఏదో పాఠం. పిల్లలు వింటున్నట్టే కూర్చుని నిద్రపోయారు. పాపం, తెల్లారకముందే లేచి హార్బరులో తల్లులతో బుట్టలు మోసి వస్తారు, నిద్ర రాక ఏమవుతుంది. ఇక కట్టేద్దామనుకుంటూ ఉండగా వాతావరణ సూచన మొదలైంది. "సముద్రం అలజడిగా ఉంటుంది" అన్నారో లేదో, తరగతి మొత్తం నిటారుగా కూర్చుంది. నూకాలు అనే పిల్ల వెనక్కి తిరిగి "నోరు ముయ్యండ్రా, ఇననియ్యండి" అని అందరినీ కసిరింది. వీళ్ళకి ఏ పాఠం కావాలో నాకు అప్పుడు తెలిసింది.

ఈ నూకాలు తండ్రి దాలయ్య మరబోటుకి సరంగు, అంటే నడిపేవాడు. రొయ్యల కోసం మీ ఒరిస్సా వైపు వెళ్ళి పది పన్నెండు రోజులకి గానీ తిరిగి రాడు. ఆయన వేటకి వెళ్ళినన్నాళ్ళూ ఈ పిల్ల బడికి రాదు. తల్లి కాసులమ్మతో పాటు గట్టున కూర్చుని సముద్రం వైపు చూస్తుంది. లెక్కలు నోటితో చెప్పేసే పిల్ల. ఈ ఏడాది ఏడో తరగతి పరీక్ష. ఇలా సగం రోజులు మానేస్తే చదువు ఇంతటితో ఆగిపోయినట్టే. నాకది బొత్తిగా ఇష్టం లేదు.

అందుకని నీతో పని పడింది. ఓడల వాళ్ళు పాతబడ్డాయని పారేసే సముద్రపు మ్యాపులు మీ పోర్టులో కట్టలకి కట్టలు ఉంటాయని ఒకసారి చెప్పావు. బంగాళాఖాతం మొత్తం కనపడేది ఒకటి పంపు. కొనకు, దొంగతనం చెయ్యకు. మీ బావని అడిగితే ఇక్కడి పోర్టులో అర్జీ పెట్టాలి, పై అధికారి సంతకం కావాలి అంటున్నారు. ఆ సంతకం అయ్యేసరికి నూకాలు మనవలు బళ్ళో చేరతారు.

వేళకి తిను. రాత్రి డ్యూటీలప్పుడు చెవులకి మఫ్లరు కట్టుకో.

అక్క గంగాభవాని

పారాదీప్,
15-7-1981

అక్కా,

రేడియోకి గలీబు తొడిగిన సంగతి మా ఫోర్‌మన్‌కి హిందీలో చెప్పాను. తెగ నచ్చింది. వాళ్ళ ఆఫీసులో ఫ్యాను కూడా అలాగే ఉందట.

మ్యాపు విడిగా చుట్టి పంపుతున్నాను. రద్దయిన వాటిలోంచి, అడిగే తీసుకున్నాను, నీ మీద ఒట్టు. లోతులు మారిపోయాయి కాబట్టి ఓడలకి పనికిరాదట. పైన కలకత్తా నుంచి కింద మద్రాసు దాకా ఉంది. మా పారాదీప్ మీద టీ మరక పడింది, అది నా పని కాదు.

ఒక్కటి అర్థం కాలేదు. రేడియో వినడానికి మ్యాపు ఎందుకు? నాకు రామచంద్రపురంలో కాలవ గట్టు మీద కూర్చోబెట్టి దిక్కులు నేర్పినప్పుడు నీకు మ్యాపు అవసరం పడలేదు, నా చెవి సరిపోయింది. తూర్పు అంటే ఇప్పటికీ కుడి చెవి నొప్పి పుడుతుంది. ఆ పిల్లల చెవులు భద్రమేనా?

గాలి ఎక్కువైనప్పుడు విశాఖ బోట్లు ఒకటీ రెండూ మా జెట్టీ పక్కన ఆగుతుంటాయి. వాళ్ళ మాట వినపడితే నాకు అన్నం తిన్నంత ఆనందం. ఇక్కడ తెలుగు మాట్లాడాలంటే అద్దంలో చూసుకుని మాట్లాడుకోవాలి.

ఆవకాయ అయిపోవచ్చింది. ఇది కేవలం వార్త, అడుగుతున్నట్టు కాదు.

దొరబాబు

విశాఖపట్నం,
10-8-1981

దొరబాబూ,

మ్యాపు చేరింది. పోస్టుమాన్ ఆ చుట్టని చూసి కాలెండర్ అనుకుని తనకూ ఒకటి ఇప్పించమన్నాడు. ఆవకాయ ఈ ఉత్తరం వెనకే వస్తుంది, సీసా విరక్కుండా మీ బావ బట్టల్లో చుట్టారు. ఆ బట్టలు తిరిగి పంపాలి.

మ్యాపు ఎందుకు అన్నావు కదా, విను. గోడకి పెద్ద అట్ట కొట్టించి దాని మీద అంటించాం. రేడియోలో వాతావరణం రాగానే ఒకడు అంకెలు బోర్డు మీద రాస్తాడు. ఇద్దరు మ్యాపు దగ్గర చెరో దారం పట్టుకుని నిలబడతారు. వాయుగుండం ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం దగ్గర ఉంది అనగానే ఒకడు అడ్డంగా, ఒకడు నిలువుగా దారం లాగుతారు. రెండూ కలిసిన చోట ఎర్ర పెన్సిలుతో చుక్క. అది మన ఊరికి ఎంత దూరమో కొలిచి కిలోమీటర్లలో చెప్పాలి. ఇన్నేళ్ళుగా అక్షాంశాలూ రేఖాంశాలూ అని నేను గొంతు చించుకున్నా ఎక్కని పాఠం ఇట్టే ఎక్కేసింది. వాయుగుండం లేని రోజున వాళ్ళ మొహాలు వాడిపోతున్నాయి, అదొక్కటే బాగాలేదు.

ఆ తర్వాత వాళ్ళే వార్తలు రాసుకుని, అగ్గిపెట్టెకి దారం కట్టి మైకులా పట్టుకుని, కింది తరగతులకి వెళ్ళి చదువుతారు. "వార్తలు చదువుతున్నది నూకాలు" అని మొదలుపెట్టిందంటే అచ్చం రేడియోలో ఆవిడే. వార్తలు అవగానే "ఒరే, నా పెన్సిలేటి సేసినావురా" అని మళ్ళీ మన నూకాలు అయిపోతుంది.

గుండుసూదుల ఆలోచన కూడా దానిదే. ఒక సూదికి నీలం కాగితం జెండాలా అంటించి, మీద వాళ్ళ బోటు పేరు "సత్తెమ్మతల్లి" అని రాసి తెచ్చింది. వేటకి బయల్దేరే ముందు తండ్రిని నిలేసి అడుగుతుందట, ఏ దిక్కుకి పోతావు, గంటకి ఎంత దూరం పోతావు, వల ఎక్కడేస్తావు అని. అది లెక్క కట్టి సూదిని రోజూ కాస్త కాస్త జరుపుతుంది. అది చూసి మిగిలిన పిల్లలూ వాళ్ళ వాళ్ళ బోట్లు తెచ్చి గుచ్చారు. అన్నిటికంటే ముఖ్యం, ఈసారి దాలయ్య వేటకి వెళ్ళినా నూకాలు ఒక్క రోజు బడి మానలేదు. గట్టున కూర్చుంటే బాబు కనపడ్డం లేదట, ఇక్కడైతే కనపడుతున్నాడట.

కూతురు బడికి ఎందుకు పరిగెడుతోందో చూద్దామని కాసులమ్మ వచ్చింది. బుట్ట బయట దించి కిటికీ దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే, "నీసు వాసనొత్తది టీచరమ్మా, ఇక్కడే ఉంటాను. ఏదీ, మా మావ ఏడున్నాడు?" అంది. నూకాలు చూపించింది. ఆమె చాలాసేపు ఆ సూది వంకే చూసి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడు మా కిటికీ దగ్గర రోజూ ఆ వేళకి సందడే. నాకెంత సంతోషంగా ఉందో రాయలేను.

అక్క

పారాదీప్,
25-8-1981

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు గర్వపడ్డాను, తర్వాత భయపడ్డాను. గర్వం సంగతి అలా ఉంచు, భయం సంగతి చెబుతాను. కోప్పడకు.

ఆ ఆడవాళ్ళు సూదుల్ని ఏమనుకుంటున్నారు? సూది జరిగేది పిల్ల లెక్కని బట్టి. గాలి తిరిగినా, ఇంజను మొరాయించినా సూది ఒక చోట ఉంటుంది, బోటు ఇంకో చోట ఉంటుంది. వాళ్ళకి కనపడేది ఏమిటి? రేడియో మోగుతుంది, మోగాక సూది జరుగుతుంది. బోట్లు ఎక్కడున్నాయో రేడియోయే చెబుతోందని అనుకోరూ? మొగుడు సముద్రంలో ఉన్న మనిషి ఆశ కొద్దీ ఏదైనా నమ్ముతుంది. నువ్వు విడమరిచి చెప్పావా లేదా?

ఆవకాయ అద్భుతం. సీసా విరగలేదు. బావ బట్టలకి నూనె అంటింది.

దొరబాబు

విశాఖపట్నం,
5-9-1981

దొరబాబూ,

ఇవాళ ఉపాధ్యాయ దినోత్సవం. పిల్లలు నాకు బంతిపూల దండ వేశారు. ఇంటికొచ్చేసరికి నాకు పాఠం చెబుతూ నీ ఉత్తరం వచ్చింది.

కోప్పడకు అని రాసిన ప్రతిసారీ కోపం వచ్చే మాటే రాస్తావు. ఇన్నాళ్ళ నుంచి పిల్లలకి చెప్పుకుంటున్నదాన్ని, ఆ మాత్రం నాకు తోచదా? అయినా నువ్వు అడిగావు కాబట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి అందరికీ చెప్పాను. "అమ్మా, ఇది రేడియో చెప్పేది కాదు, పిల్లలు వేసుకున్న లెక్క" అన్నాను. అందరూ తలూపారు. కాసులమ్మ అయితే, "అదే గదా టీచరమ్మా. అంత పెద్ద రేడియో దగ్గిరెట్టుకుని ఏసిన లెక్క తప్పుతాదేటి?" అంది. నవ్వొచ్చి ఊరుకున్నాను. ఇంతకన్నా ఏం చెప్పను?

నీ భయం వల్ల ఇంకో నష్టం జరిగింది. మీ బావ ఉత్తరంలో "భయపడ్డాను" దాకా చదివి, నీకు ఒంట్లో బాగాలేదు కాబోలని హార్లిక్స్ సీసా కొనుక్కొచ్చారు. పంపుతున్నాను, తాగు.

భీమశంకరరావు గారు ఇప్పుడు వాతావరణం వేళకి కుర్చీ తెచ్చుకుని మా తరగతిలో కూర్చుంటున్నారు. బ్యాటరీలు కూడా ఆయనే కొన్నారు. మనుషులు మారతారు, తమ్ముళ్ళే మారరు.

అక్క

పారాదీప్,
3-11-1981

అక్కా,

నీకు కోపం తగ్గనిద్దామని ఇన్నాళ్ళూ రాయలేదు. నువ్వూ రాయలేదంటే తగ్గలేదనే అనుకోవాలి. దీపావళి డ్యూటీలోనే అయిపోయింది. హార్లిక్స్ మా ఫోర్‌మన్ తాగాడు, ఆయనకి ఒంటికి బాగా పట్టింది. బావకి నా కృతజ్ఞతలు చెప్పు.

ఇక్కడ నిన్నటి నుంచి మబ్బు, గాలి. బంగాళాఖాతంలో ఏదో పుట్టిందంటున్నారు. నీ శిష్యులకి చేతినిండా పనన్న మాట, ఎర్ర పెన్సిళ్ళు చెక్కుకోమను. ఆ సూదులన్నీ తెచ్చి మా పారాదీప్‌లో గుచ్చెయ్, నేను చూసుకుంటాను. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?

దొరబాబు

విశాఖపట్నం,
7-11-1981

దొరబాబూ,

నీ ఉత్తరం ఇవాళే అందింది. నువ్వు తెలియక రాశావు. అయినా ఆ సూదుల మాట దగ్గర చదవలేక మడిచి పెట్టేశాను.

పొద్దున్న ఇచ్చిన టెలిగ్రాం ఈపాటికి నీకు చేరి ఉండాలి. చేరకపోతే మళ్ళీ రాస్తున్నాను. బోటు పేరు సత్తెమ్మతల్లి. సరంగు దాలయ్య, నూకాలు తండ్రి. బోట్లో ఇంకో నలుగురు. నీకు వీలైనన్ని చోట్ల వెతుకు. సెలవు పెట్టు. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో పట్టుకో.

సోమవారం నాడు తుపాను చుక్క మనకి ఎదురుగా ఉంది. ఇక్కడ పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. పిల్లలు దారాలు లాగి చుక్క మీద చుక్క పెడుతూనే ఉన్నారు. అది మన వైపు రాకుండా ఉత్తరానికి తిరిగింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది, మా తరగతి తప్ప. చుక్కల్ని కలిపితే గీత సరిగ్గా సత్తెమ్మతల్లి సూది మీదుగా పోయింది. ఆ గీత నూకాలే గీసింది. గీసి, స్కేలు కింద పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

మిగిలిన బోట్లన్నీ వచ్చేశాయి. తుపాను నిన్న మీ ఒరిస్సాలో తీరం దాటిందని రేడియో చెప్పింది. దాలయ్య కబురు లేదు. కాసులమ్మ రోజూ కిటికీ దగ్గరికి వస్తుంది. "సూదుంది గదా టీచరమ్మా, ఉంటాడు" అని తనే అనుకుని తనే వెళుతుంది. నువ్వు ఆగస్టులో రాసిన మాట ఇప్పుడు అర్థమవుతోంది. ఆవిడ దృష్టిలో ఆ సూదే మొగుడు.

నూకాలు అన్నం ముట్టదు, మ్యాపు ముందు నుంచి కదలదు. ఆ గీత, దాని కింద ఆ నీలం జెండా చూస్తూ కూర్చుంటే పెద్దదాన్ని నేనే ఓర్చుకోలేకపోతున్నాను, పసిది ఎలా తట్టుకుంటుంది? ఇవాళ బడి వదిలాక ఆ సూది పీకేసి నా పర్సులో వేసుకున్నాను. సోమవారం వచ్చేసరికి కళ్ళ ముందు అది లేకపోతే పిల్ల కాస్త తెరిపిన పడుతుంది.

దొరబాబూ, ఎలాగైనా ఏదో ఒక కబురు పంపరా.

అక్క

పారాదీప్,
8-11-1981

అక్కా,

ఉన్నాడు. ఐదుగురూ ఉన్నారు. టెలిగ్రాంలో నాలుగు ముక్కలే పట్టాయి, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

గాలికి తీగలు తెగి, నీ టెలిగ్రాం నాకు నిన్న పొద్దుపోయాక చేరింది. ఇవాళ తెల్లారగానే వెతకడం మొదలుపెట్టాను. జెట్టీ దగ్గర లేరు. వెనక కాలవలో బోట్లు కట్టేశారంటే అక్కడికి వెళ్ళాను. బురదలో మోకాళ్ళ దాకా దిగి, ఒక్కో బోటు పేరూ చదువుకుంటూ పోయాను. అన్నీ ఒరియా అక్షరాలు. చివర్న ఒకదాని మీద తెలుగులో సత్తెమ్మతల్లి అని కనపడింది. ఆ అక్షరాలు చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఎవరికీ చెప్పకు.

దాలయ్య చేతికి గుడ్డ కట్టుకుని బోటు మీదే కూర్చుని ఉన్నాడు. "ఎవులు బాబూ నువ్వు?" అన్నాడు. నూకాలు టీచరు గారి తమ్ముణ్ణి అన్నాను. నన్ను తేరిపారా చూసి, "మా నూకాలు బడికెల్తందా బాబూ?" అని అడిగాడు. అక్కా, తుపానులోంచి బయటపడిన మనిషి అడిగిన మొదటి మాట అది.

గాలి ఎక్కువవుతుండగా ఇంజను ఆగిపోయిందట. రెండు రోజులు కొట్టుకుపోయారు. ఇక్కడి ట్రాలరు ఒకటి చూసి తాడేసి లాక్కొచ్చింది. నూకాలు లెక్కలో సూది తుపాను దారిలోనే ఉండి ఉంటుంది, నిజానికి బోటు అప్పటికే అక్కడ లేదు. ఇంజను చెడడమే మంచిదైంది.

వాళ్ళింటికి టెలిగ్రాం ఇస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "తంతా? వద్దు బాబూ. మా పేటలో తంతి మనిసి అడుగెట్టాడంటే ఎవులో పోయినట్టే. మా ఆడది ఆణ్ణి సూత్తే సాలు, గుండాగి సచ్చిపోద్ది. నానే బేగెల్లిపోతాను" అన్నాడు. ఇంజను బాగుపడనిదే ఎలా వెళతాడు? అందుకని నేనో తెలివైన పని చేశాను. టెలిగ్రాం వాళ్ళింటికి కాకుండా నీ పేరు మీద బడికి ఇచ్చాను. నువ్వు నెమ్మదిగా వాళ్ళకి చెప్పొచ్చు. బాగుంది కదూ?

ఐదుగురికీ ఇవాళ నా రూములోనే భోజనం. నీ ఆవకాయ సీసా ఖాళీ.

దొరబాబు

విశాఖపట్నం,
10-11-1981

ఒరేయ్ తెలివైనవాడా,

నువ్వు వెయ్యేళ్ళు బతకాలి. ముందు ఆ మాట రాసి, తర్వాత తిడతాను. నీ ఉత్తరం ఇంకా రాలేదు, టెలిగ్రాం మాత్రం నిన్న వచ్చింది. ఎలా వచ్చిందో విను.

నిన్న సోమవారం. ప్రార్థన అయ్యాక నేను హెడ్మాస్టారి గదిలో ఉన్నాను. ఆడవాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చారు. కాసులమ్మ మ్యాపు వైపు చూసింది. సూది లేదు. "ఒలే నూకాలూ, మీ బాబు సూదేదే?" అంది. నూకాలు గబగబా నేల మీద వెతికింది, బల్లల కింద వెతికింది. ఎక్కడా లేదు. రేడియో చెబితేనే టీచరమ్మ తీసేసుంటుందని ఎవరో అన్నారు. నా బుద్ధి తక్కువ పని ఎంత దూరం పోయిందో చూడు. పిల్ల చూడలేకపోతోందని నేను తీశాను. మనిషి లేడు కాబట్టి తీశానని వాళ్ళనుకున్నారు.

ఏడుపులు విని నేను పరిగెత్తుకొచ్చేసరికి, గేటులోంచి టెలిగ్రాం మనిషి సైకిలు లోపలికి వస్తోంది.

ఇంక చెప్పాలా? అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. కాసులమ్మ మాత్రం ఏడవలేదు. మెట్టు మీద కూలబడి, గాజులు పగలగొట్టుకోవడానికి రెండు చేతులూ పైకెత్తింది. నూకాలు వెళ్ళి తల్లి మణికట్లు రెండూ పట్టేసుకుంది. తల్లి విదిలిస్తోంది, పిల్ల వదలడం లేదు. టెలిగ్రాం మనిషేమో నన్ను ముందు సంతకం పెట్టమంటాడు. ఎలాగో గీకి, విప్పి చదివాను. "సత్తెమ్మతల్లి పారాదీప్‌లో ఉంది. అందరూ క్షేమం." నిజమేనా అని మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. భీమశంకరరావు గారు నా చేతిలోంచి లాక్కుని, బడి మొత్తం వినపడేలా చదివారు. ఆయనకి అంత గొంతు ఉందని నాకు తెలీదు.

నమ్మారనుకున్నావా? "తంతిలో మంచి కబురొత్తదేటి, మనల్ని ఊరుకోబెట్టడానికి సెబుతన్నారు" అంది ఒక ముసలమ్మ. కాసులమ్మ నా వంక చూసి, "నిజవైతే సూదెట్టు టీచరమ్మా" అంది. పర్సులోంచి తీసి, మ్యాపు దగ్గరికి వెళ్ళి, పారాదీప్ మీద, ఆ టీ మరక మధ్యలో గుచ్చాను. అప్పుడు ఏడ్చింది. గంటసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నూకాలు మాత్రం ఏడవకుండా దారం తీసి, పారాదీప్ నుంచి మన ఊరికి ఎంతో కొలుచుకుంది.

నాకిప్పుడు ప్రాణం హాయిగా ఉంది, భయంగానూ ఉంది. ఆ క్షణం ఇంకాస్త ఆలస్యమైతే గాజులు పగిలేవి. ఇంక ఈ ఆట వద్దు. మ్యాపు విప్పేసి బీరువాలో పెట్టేస్తాను. పాఠం చెప్పబోయి ఒకరి పసుపు కుంకాలతో ఆడుకునే హక్కు నాకు లేదు.

అక్క

పారాదీప్,
13-11-1981

అక్కా,

టెలిగ్రాం సంగతి చదివి సిగ్గుతో చచ్చాను. తంతి మనిషి పేటలో అడుగు పెట్టకూడదన్నాడు గానీ బళ్ళో పెట్టినా అంతేనని నాకు తట్టలేదు. దాలయ్యకి చెబితే ముందు తల పట్టుకున్నాడు. నూకాలు తల్లి చేతులు పట్టుకుందన్న చోట మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మ్యాపు బీరువాలో పెట్టేస్తానంటావా? గలీబు కూడా కుట్టించు. అక్కా, తప్పు మ్యాపుది కాదు. వాళ్ళని కిటికీ బయట నిలబెట్టి చూపించావు, లోపల లెక్క ఎలా వేస్తున్నారో వాళ్ళకి కనపడలేదు. లోపలికి పిలు. రామంటే మళ్ళీ పిలు. నా చెవి మెలిపెట్టిన మనిషివి, నీకు పిలవడం రాదా?

ఇంజనుకి కటక్ నుంచి సామాను వచ్చింది. దాలయ్య కూతురికి చెప్పమన్న మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "సోమారం తెల్లారగట్ల ఎల్తాం. కొత్త సామానం గదా, జోరుగా తోలం. గంటకి ఏడు మైళ్ళు ఏసుకోమను. గట్టెంటే వత్తాం. మంగలారం పొద్దుగూకి హార్బర్లో ఉంటాం. లెక్క దాన్నే కట్టుకోమను."

దొరబాబు

విశాఖపట్నం,
18-11-1981

దొరబాబూ,

దాలయ్య బోటు నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకి హార్బరులోకి వచ్చింది. మనిషి చిక్కిపోయాడు గానీ కులాసాగా ఉన్నాడు. ముందు ఇది చదివి స్థిమితపడు. మిగతాది నెమ్మదిగా చదువుకో.

మ్యాపు విప్పలేదు. నువ్వు చెప్పావని కాదు. సోమవారం పొద్దున్న నీ ఉత్తరం పట్టుకుని కాసులమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. లోపలికొచ్చి కూర్చుంటేనే చూపిస్తాను, లేకపోతే మ్యాపు తీసేస్తాను అన్నాను. "నీసు వాసన టీచరమ్మా" అని మొదలుపెట్టింది. నాకు చేపల పేటలో ఇల్లిచ్చినా ఉంటాను, ఇంక ఆ మాట అనకు అన్నాను. వచ్చింది. ఏడో తరగతి పిల్లల మధ్య, మొదటి బల్ల మీద కూర్చుంది. మిగిలిన ఆడవాళ్ళు కింద చాప మీద కూర్చున్నారు. భీమశంకరరావు గారు తన కుర్చీ వాళ్ళకిచ్చి గోడకి చేరబడ్డారు.

రేడియో కట్టేసే ఉంచాను, కావాలనే. నూకాలు బోర్డు దగ్గర నిలబడి తండ్రి పంపిన మాట చదివింది. గంటకి ఏడు మైళ్ళు, బయల్దేరి ఇన్ని గంటలు, దారం మీద ఇంత అని అందరికీ కనపడేలా లెక్క కట్టింది. అయ్యాక నేను మళ్ళీ అదే పాట పాడాను. "చూశావుగా కాసులమ్మా, ఇది రేడియో చెప్పింది కాదు. నీ కూతురు వేసిన లెక్క. తప్పొచ్చు. గాలి తిరిగితే సూది ఇక్కడుంటుంది, ఆయన ఇంకో చోట ఉంటాడు" అన్నాను.

ఆమె నా వంక చూసింది. "తెలిసింది టీచరమ్మా. రేడియో అనుకున్నన్నాళ్ళూ సూడ్డానికి బయవేసీది. ఇది మా నూకాలు గుంట లెక్క గదా. తప్పితే మల్లా కడతాది" అంది.

నూకాలు పారాదీప్ మీది సూది పీకి, తీరం వెంట మన వైపు జరపడం మొదలుపెట్టింది. లెక్క తెలిసిపోయిన ఉత్సాహం కదా, గబగబా లాక్కొచ్చేస్తోంది. కాసులమ్మ బల్ల మీంచి లేచి, కూతురి చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"మెల్లిగా తేయే. లోపల మీ బాబున్నాడు" అంది.

అక్క